యాత్రకు పోయొచ్చినాక చేనులో ఏం మారింది? కురబలకోట నుంచి కుప్పం దాకా రెండు రోజులు

ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. బండి కిటికీలోంచి తీసిన కొండలు, ఒక పొట్టి ఆవు, ఏనుగు తొక్కిన అరటి తోట మాత్రం ఉన్నాయి. "ఏమన్నా, సేద్యం మానేసి టూర్లు పెట్టుకున్నావా?" అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. అందుకని వీడియోలో పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

విజ్ఞాన యాత్ర అనే మాట మనకు కొత్త కాదు. ఎక్స్‌పోజర్ విజిట్ అని బ్యానర్ కట్టుకుని బస్సులో పోయి రావడం మనలో చాలామందికి అలవాటే. నేను మొదటిసారి పోయింది ఏడేళ్ల కిందట. ఎవరు తీసుకుపోయారో పేరు చెప్పను, మంచి ఉద్దేశంతోనే తీసుకుపోయారు. యాభై మంది ఒక బస్సు. ఒక రోజులో ఆరు చోట్లు. ప్రతి చోటా దిగడం, బ్యానర్ పట్టుకుని ఫోటో, టీ, మళ్లీ ఎక్కడం. ఒక తోటలో ఆ రైతు ఏదో చెప్తా ఉంటే వెనక ఉన్న మాకు ఒక్క ముక్క వినపడలేదు. రాత్రి పదకొండుకు ఇంటికొచ్చాక మా ఇంటామె "ఏం నేర్చుకున్నావు?" అని అడిగింది. "భోజనం బాగుండింది" అన్నాను. నిజంగా గుర్తున్నది అదొక్కటే.

ఆ తరువాత చాలా రోజులు టూర్ అంటే పనికిరాని పని అని అనుకున్నాను. మళ్లీ ఎందుకు బయలుదేరాల్సి వచ్చిందంటే, మా ఊరి వెనక కొండ.

మా చేను కురబలకోటకు దగ్గర్లో, ఒక గుట్ట కింద ఉంది. నాలుగెకరాలు. పై కయ్యల్లో చెనిక్కాయ, అలసంద, కంది కలిపి వేస్తాను. కింద కొంచెం టమోటా. రసాయనాలు మానేసి ఎనిమిదేళ్లు. మట్టి బాగైంది, వానపాములు వచ్చాయి, అదంతా నిజం. అయితే గుట్ట మీది నుంచి వచ్చే వంక మాత్రం ఏటేటా ముందే ఎండిపోతా ఉంది. మా నాయన కాలంలో శివరాత్రి దాకా పారేదంట. ఇప్పుడు సంక్రాంతికే ఇసక తేలుతుంది. రెండు బోర్లు పోయాయి, మూడోది ఎనిమిది వందల అడుగుల్లో గంటకోసారి ఊపిరి పీల్చుకుంటూ పోస్తుంది. నా కయ్యలో ఎంత ఆచ్ఛాదన వేసినా, ఎన్ని కందకాలు తీసినా, పైన కొండ మీద ప్రతి ఎండాకాలం మంట పడితే కింద నేను చేసేది ఎంతవరకు నిలుస్తుంది? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు.

లెక్క వేసి చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. అంటే ఒక్క మంచి వాన, 25 మిల్లీమీటర్లది, ఎకరా మీద లక్ష లీటర్లు పోసి పోతుంది. మన మదనపల్లె వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూ ఇటూ అనుకుంటే ఎకరాకు ఇరవై ఎనిమిది లక్షల లీటర్లు. నాలుగెకరాల నా చేనుకు పైన కొండ నలభై ఎకరాలు ఉంది. నా బోరు నిండేది నా చేనులో పడ్డ వానతో మాత్రమే కాదు, ఆ నలభై ఎకరాల్లో ఇంకిన వానతో కూడా. కొండ మీద కసువు, పొద, ఆకు చెత్త ఉంటే నీళ్లు నడిచి వస్తాయి. బోడిగా ఉంటే ఉరికి వస్తాయి, నా గెనిమలు తెంచుకుని పోతాయి.

కొండను కాపాడాలని ఊర్లో అంటే మొదట అడ్డు వచ్చింది మా మామ. వరసకు మామ, అరవై మేకలు, ఇరవై గొర్రెలు ఉన్నాయి ఆయనకు. "మీరంతా చదువుకున్నోళ్లు కొండ మూసేస్తారు. నా జీవాలు యాడ మేయాల? మీ టమోటా తోటలోనా?" అని అడిగాడు. ఊరి పేరులోనే కురబలు ఉన్నారు కదా, ఈ గుట్టలు మొదటి నుంచీ మేపే వాళ్లవే. ఆయన మాట తీసిపారేసేది కాదు. పిట్టలు చూసుకునే వాళ్ల కోసం పేదోడి మేకను తరమడం ప్రకృతి సేద్యం కానే కాదని నా అభిప్రాయం.

సరే, మాటలు కాదు, చూసొద్దాం అనుకున్నాం. పోయిన కార్తీకంలో పద్నాలుగు మందిమి, ఒక టెంపో ట్రావెలర్, రెండు రోజులు. ఐదుగురు ఆడవాళ్లు. మామను బతిమాలి తీసుకుపోయాను. మేకలు రెండు రోజులు కాసేదానికి మా తమ్ముణ్ణి పెట్టాల్సి వచ్చింది, వాడు ఇప్పటికీ తిడతానే ఉన్నాడు.

పోయే ముందు ఒక పని చేశాం. ఆ ఒక్క పనే ఈ యాత్రను పాత బస్సు యాత్ర నుంచి వేరు చేసిందని అనుకుంటున్నాను. ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న చీటీ మీద రాసుకున్నాం. రాయలేని వాళ్లు చెప్తే మా పాప రాసింది. ఒక అక్క "గెనిమ మీద కానుగ చెట్లు ఎన్ని ఉంటే ఎకరాకు ఆకు ఎరువు సరిపోతుంది?" అని. ఒక పిల్లోడు, డిగ్రీ చదివి ఇప్పుడే సేద్యంలోకి వచ్చాడు, "పుంగనూరు ఆవు కొనాలా వద్దా?" అని. నాది వంక ఎందుకు ముందే ఎండుతుందని. మామ చీటీలో ఒకటే, "కొండ మూస్తే మేకలు యాడికి?"

మొదటి రోజు తెల్లవారి ఆరు గంటలకు రిషి వ్యాలీ. మన మండలంలోనే, తెట్టు దగ్గర. ఇరవై నిమిషాల దారి. ఇన్నేళ్లుగా గేటు ముందర నుంచి పోతా ఉన్నాం, లోపలికి పోయి చూసింది మాలో ఇద్దరే. అది బడి, ప్రైవేటు ఆవరణ, ముందుగా అడిగి అనుమతి తీసుకోకుండా పోకూడదు. పిల్లలు చదువుకునే చోటు, జాతర కాదు.

జిడ్డు కృష్ణమూర్తి మన మదనపల్లెలోనే 1895లో పుట్టాడు. 1920ల మధ్యలో ఈ లోయను బడి కోసం ఎంచుకున్నప్పుడు ఇక్కడ ఉన్నది పెద్ద మర్రిచెట్టు, చుట్టూ బోడి కొండలు, కరువు. ఇప్పుడు చూసే పచ్చదనం తరువాత దశాబ్దాల మీద మనుషులు కష్టపడి తెచ్చుకున్నది. కొండవాలు మీద మేతను ఆపడం, వాన నీళ్లను ఇంకించే చిన్న చెరువులు, కట్టలు, లక్షల మొక్కలు. ఒకటి గమనించండి, నాటిన మొక్క కంటే వదిలేసిన నేల ఎక్కువ పని చేసింది. కాపలా ఉంటే మోడులోంచి పాత చెట్టు మళ్లీ చిగురిస్తుంది. విత్తనం ఎప్పటి నుంచో మట్టిలో ఉంటుంది, పిట్ట తెచ్చి వేస్తుంది.

పిట్టల మాటకొస్తే, 1991లో ఈ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. రెండు వందలకు పైగా రకాలు ఇక్కడ నమోదయ్యాయి. ఇంటి దగ్గర కూర్చుని పక్షుల గురించి చదువుకునే కోర్సు కూడా ఇక్కడి నుంచే నడిపారు. వాటిలో ఒకటి మనందరం తెలుసుకోవలసింది, కొండ పిగిలి. గొంతు పసుపుపచ్చగా ఉంటుంది. దక్షిణ భారతంలోని రాతి గుట్టలు, పొదలు ఉన్న కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. రిషి వ్యాలీ చుట్టూ, హార్స్‌లీ హిల్స్ మీద కనపడుతుంది. మనం పనికిరాని గుట్ట అనుకుని క్వారీకి ఇచ్చేసే రాళ్లగుట్టే దాని ఇల్లు. మాకు కనపడలేదు, గొంతు మాత్రం వినపడిందని ఒకాయన అన్నాడు. నేను నమ్మినట్టు తల ఊపాను.

కనపడినవి మనకు రోజూ కనపడేవే, కానీ ఆ రోజు వేరేగా చూశాం. తోక చీలిన నల్ల ఏట్రింత ఒక ఎండుకొమ్మ మీద కూర్చుని, గాలిలోకి దూకి పురుగు పట్టుకుని మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తుంది. పావుగంటలో ఎన్నిసార్లు దూకిందో మా పాప లెక్క పెట్టింది, ఇరవై రెండు సార్లు. ప్రకృతి సేద్యంలో ఎకరాకు పదో ఇరవయ్యో పక్షి స్థావరాలు పెట్టమని చెప్తారు కదా, టీ ఆకారంలో కర్రలు. నేను నాలుగు పెట్టి ఊరుకున్నాను. అవి కూడా గెనిమ మీద, చేను మధ్యలో కాదు. పైరుకు అర మీటరు పైన, పురుగు కనపడే చోట ఉండాలని ఆ పిట్ట చూపించింది. గోడ మీద పోస్టరు చెప్పలేని సంగతి అది.

మామ పిట్టలు చూడలేదు. కొండ చూశాడు. కంచె లోపలి వాలు, కంచె బయటి వాలు. ఒకే రాయి, ఒకే వాన. లోపల నడుం ఎత్తు బోద కసువు, బయట గులకరాళ్లు. చాలాసేపు చూసి, "లోపలి కసువు కోసుకోనిస్తారా?" అన్నాడు. అంతే. ఆ ప్రశ్న వినగానే నాకు సగం జవాబు దొరికినట్టు అనిపించింది. మేత వద్దని కాదు, మేక కాలు, మేక నోరు కొంతకాలం వద్దని. కోసుకునేవాడికి కొండ బీరువా లాంటిది. వదిలేసేవాడికి అది ఏటేటా అరిగిపోయే చెప్పు.

మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయ చట్నీ. మేమే కట్టుకుని పోయాం. స్టీలు గిన్నెలు, అరిటాకులు. ఒక్క ప్లాస్టిక్ గ్లాసు కూడా కొండ మీద వదలకూడదని ముందే ఒప్పందం. అయినా ఒకాయన గుట్కా కవరు పారేశాడు, మా అక్క దాన్ని ఏరి ఆయన జేబులోనే పెట్టింది.

సాయంకాలం హార్స్‌లీ హిల్స్ ఎక్కాం. 1,265 మీటర్ల ఎత్తు. ఇంగ్లీషు కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ బంగళా కట్టుకున్నాడని ఆ పేరు. అంతకు ముందు నుంచి మనవాళ్లు పిలిచేది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కొండ జనానికి వైద్యం చేసేదని, ఒకరోజు కనపడకుండా పోయిందని కథ. గుడి ఉంది. కథలో ఏనుగులు ఉన్నాయి, కొండ మీద ఇప్పుడు లేవు. ఏనుగులు ఎక్కడున్నాయో రెండో రోజు చూశాం, అది తరువాత చెప్తాను.

కొండ మీద కల్యాణి అనే నీలగిరి చెట్టు ఉంది. 1859లో నాటిందని చెప్తారు, మహావృక్ష పురస్కారం కూడా వచ్చింది. తల వెనక్కి వంచితే గానీ కొస కనపడదు. అందరూ ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం. ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. కల్యాణికి దండం పెట్టుకుంటాను, నా గెనిమ మీద మాత్రం నీలగిరి నాటను. దాని కింద కసువు పెద్దగా మొలవదు, ఆకు తొందరగా కుళ్లదు, మన పిట్టలకు అందులో తిండి లేదు. పక్కన కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి వేయడాన్ని ఆపేసింది, భూగర్భజలం గురించే ఆ గొడవంతా. పచ్చగా ఉన్నదంతా అడవి కాదు అనే సంగతి ఆ కొండ మీద నిలబడితే బాగా అర్థమవుతుంది. నీలగిరి తోపు కింద ఒకసారి, మన చెట్ల పొదల కింద ఒకసారి మట్టి గుప్పెట్లో తీసుకుని వాసన చూడండి. జీవామృతంలో గుప్పెడు గెనిమ మట్టి ఎందుకు వేస్తామో, ఆ గుప్పెడు ఎక్కడి నుంచి తేవాలో మీ ముక్కే చెప్తుంది.

అంచున నిలబడి చీకటి పడేదాకా కింద చూశాం. చెరువులు ఒకదాని కింద ఒకటి, గొలుసుకట్టు. పై చెరువు మరువ పోతే కింది చెరువు నిండేటట్టు పాతోళ్లు కట్టుకున్నారు. నేల మీద ఉంటే మన చెరువే మనకు కనపడుతుంది. పైనుంచి చూస్తే మధ్యలో ఎక్కడ గొలుసు తెగిందో కూడా కనపడుతుంది, ఎక్కడ కాలువ మీద ప్లాట్లు వేశారో కూడా.

రెండో రోజు పొద్దున మదనపల్లెలో గంటసేపు ఆగాం. బీటీ కాలేజీ, 1915లో అనీబిసెంట్ పెట్టింది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ ఇక్కడికి వచ్చి ఉండి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఈ ఆవరణలోనే. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం కుదిర్చింది కూడా అప్పుడే. టమోటా మార్కెట్‌కు వందసార్లు వచ్చిన మా వాళ్లలో సగం మందికి ఈ సంగతి తెలియదు. సేద్యం యాత్రలో ఇదెందుకు అంటారా? పిల్లోళ్లను తీసుకుపోయాం కదా. మన ఊరంటే కిలో రేటు ఒక్కటే కాదని వాళ్లకు తెలియాలి.

అక్కడి నుంచి పుంగనూరు మీదుగా పలమనేరు. పేరు పుంగనూరు ఆవైనా దాని మీద ఎక్కువ పని జరిగేది పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో, వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద. ఇక్కడా ముందుగా అడిగి పోవాలి. మూడడుగులు ఉండే ఆవును చూసి ఆడవాళ్లందరూ మురిసిపోయారు. తక్కువ మేత, ఎండకు తట్టుకోవడం, వెన్న ఎక్కువ ఉండే పాలు, ఇవి దాని గుణాలు. ప్రధానమంత్రి 2024 సంక్రాంతికి ఈ ఆవులకు మేత పెట్టిన వీడియో వచ్చినప్పటి నుంచి రేట్లు ఆకాశంలో ఉన్నాయి. లక్షలు పోసి బంగళాల్లో సోఫా పక్కన కట్టేస్తున్నారు.

మా పిల్లోడి చీటీకి ఇక్కడ జవాబు దొరికింది. ఆయన అప్పు చేసి ఒక జత కొందామనుకున్నాడు. నేను చెప్పింది ఇదీ: నీకు కావలసింది పేడ, మూత్రం. మన కొట్టంలో ఉన్న ఏ నాటు ఆవైనా ఇస్తుంది. పుంగనూరు ఆవును కాపాడాలి, అందులో సందేహం లేదు, మన నేల జాతి అది. జాతిని కాపాడడం అంటే మేలైన కోడెను ఊర్లో ఉంచుకోవడం, ఎదకు వచ్చిన ఆవుకు అదే జాతి కోడెను కలపడం, వంశం రాసి పెట్టుకోవడం. పొట్టిదాన్ని ఇంకా పొట్టిదాన్ని చేసి అమ్మడం కాదు. పొట్టిగా ఉన్నదంతా పుంగనూరు కాదు కూడా, మోసపోయిన వాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. పిల్లోడు కొంచెం మొహం మాడ్చుకున్నాడు గానీ అప్పు మాత్రం చేయలేదు.

పలమనేరు దాటి కుప్పం దారి పడితే కుడిఎడమల అడవి మొదలవుతుంది. కౌండిన్య అభయారణ్యం, 1990లో ప్రకటించారు, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. రాయలసీమలో ఏనుగులను కాపాడే అడవుల్లో ఇదొకటి. రెండు వందల ఏళ్లుగా ఇక్కడ ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు హోసూరు వైపు అడవుల నుంచి నడుచుకుంటూ వచ్చి స్థిరపడ్డాయి. మనకు రాష్ట్రాల సరిహద్దులు ఉంటాయి, వాటికి నీళ్లు, వెదురు, నీడ ఉంటాయి. అడవి సన్నగా పొడుగ్గా ఉంటుంది, చుట్టూ రాగి, చెరకు, అరటి, మామిడి. ఒక పక్క ఎండిన కుంట, ఇంకో పక్క డ్రిప్ పెట్టిన అరటి ఉంటే ఏనుగు ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు.

కైగల్ జలపాతం దగ్గర కాసేపు కాళ్లు తడుపుకున్నాం, చాలా బాగుంది. కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. అడవి అంచున ఒక రైతు తోటకు పోయాం. వారం కిందటే ఏనుగులు వచ్చి పోయాయి. మొవ్వు మాత్రం తిని మిగతాది తొక్కిన అరటి, మెలితిరిగిన డ్రిప్ పైపులు, పడిపోయిన కంచె రాయి. ఆయన కోపంగా మాట్లాడతాడని అనుకున్నాం. "వాటికి నీళ్లు లేవు సార్, నాకు దిక్కు లేదు" అన్నాడు. నష్టపరిహారం కోసం తిరిగిన తిరుగుళ్లు చెప్పాడు. రాత్రి కాపలాకు పోయి తిరిగి రాని పక్క ఊరి మనిషి సంగతి చెప్పాడు. అప్పటిదాకా బండిలో "ఏనుగు కనపడితే బాగుండు" అంటున్న పిల్లోళ్లు ఒక్కసారిగా గమ్మున అయిపోయారు.

2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది, మందలను వెనక్కి తోలేదానికి. మంచిదే. కందకాలు, సోలార్ కంచెలు కూడా ఉన్నాయి. కానీ అడవిలో మేత, నీళ్లు లేకుండా వెనక్కి తోలితే రేపు మళ్లీ వస్తాయి. మా మామ అప్పుడు మెల్లగా అన్నాడు: "నా మేకల సంగతీ ఇంతే కదరా." ఆ మాట మీద ఎవ్వరూ ఏమీ అనలేదు. కుప్పం చేరేదాకా బండిలో పాటలు కూడా లేవు.

ఇలాంటి యాత్ర పెట్టుకునే వాళ్లకు నాకు తెలిసింది కొంచెం చెప్తాను. పదిహేను మందికి మించొద్దు, ఒక రైతు చుట్టూ నిలబడితే అందరికీ వినపడాలి. రోజుకు రెండు చోట్లు, మూడో చోటు ఉంటే అది కూర్చునే చోటు కావాలి. వానల తరువాత, కార్తీకం నుంచి సంక్రాంతి లోపల పోతే వంకలు, చెరువులు, పిట్టలు అన్నీ ఉంటాయి. కానీ నీళ్ల సంగతి తెలియాలంటే అదే చోటికి ఏప్రిల్‌లో ఒకసారి పోవాలి. అప్పుడు పచ్చగా ఉన్నదే నిజంగా పచ్చనిది. అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, ఏనుగుల దారుల్లో రీల్స్ తీయొద్దు. ఎవరి తోటకైనా పోతే ఆ రైతు సగం రోజు మనకోసం పోగొట్టుకున్నట్టే, వట్టి చేతులతో పోకండి. మేము విత్తనాలు తీసుకుపోయాం, నాటు అనపలు, ఉలవలు, సొర. ఖర్చు మనిషికి పదమూడు వందలు పడింది, బండి, పడక, కాఫీలతో సహా.

ముఖ్యంగా ఎవరో ఒకరు రాసుకోవాలి. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పోయినప్పుడు దారిలో ప్రతి మజిలీలో నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎలాంటిది అని రాసుకుంటూ పోయాడు. పుణ్యయాత్రే, కానీ కళ్లు తెరుచుకుని చేసిన యాత్ర. మనం ఫోన్లో ఆరు వందల ఫోటోలు తీసి ఒక్క లైను రాసుకోం.

వచ్చిన వారానికి ఊర్లో కూర్చున్నాం. చీటీలు తీసి ఒక్కొక్కటే చదివాం. కానుగ అక్క ప్రశ్నకు జవాబు దొరకలేదు, అది ఆమె చేనులోనే కొలిచి చూసుకోవాలని తేలింది. ఇప్పుడు కొలుస్తోంది, కొట్టిన కొమ్మలు తూకం వేసి. మామతో మాత్రం మూడు సార్లు కూర్చోవాల్సి వచ్చింది. చివరికి కుదిరింది ఇది: కొండ మొత్తం మూయం. వంక పుట్టే తూర్పు వాలు మాత్రం మూడేళ్లు జీవాలకు వదలం. అక్కడి కసువు మేకలవాళ్లే కోసుకుంటారు, వేరే వాళ్లకు హక్కు లేదు. దానికి బదులు మేము నలుగురం కోతలైన కయ్యల్లో వాళ్ల మందను రాత్రిపూట దొడ్డి కడతాం. పాతకాలంలో ఉన్న పద్ధతే ఇది, మంద కట్టినందుకు గింజలు ఇచ్చేవాళ్లు. మాకు ఎరువు, వాళ్లకు మేత. శివరాత్రికి ముందు అందరం కలిసి కొండ చుట్టూ పది అడుగుల వెడల్పున కసువు గీకి మంట దాటకుండా దారి చేయాలి.

దారి చేశాం. ముప్పై మంది వస్తామన్నారు, పదకొండు మంది వచ్చారు. మార్చి ఆఖరున ఆవలి ఊరి వైపు నుంచి మంట వచ్చింది. మేము గీకిన చోట ఆగింది. గీకకుండా వదిలేసిన పడమటి కొసలో దాటి, తూర్పు వాలులో మూడో వంతు కాల్చేసింది. ఆ రాత్రి కొమ్మలతో కొట్టి ఆర్పిన వాళ్లలో మామ ముందున్నాడు, మోచేతి మీద ఇంకా మచ్చ ఉంది. పొద్దున బూడిద చూసి నాకు ఏడుపు వచ్చింది. ఆయన మాత్రం కాలని రెండు వంతుల వైపు చూపించి "ఇది మిగిలింది చూడు" అన్నాడు. వంక ఈ ఏడాది కూడా సంక్రాంతికే ఎండింది. ఒక్క ఏడాదికి మారుతుందని నేను అనుకోలేదు కూడా. ఊర్లో మంట పెట్టింది ఎవరనే మాట ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం ఆవలి ఊరి వాళ్లను కూడా ఒకసారి బండెక్కించాలని ఉంది.

అందుకే వచ్చే యాత్ర కదిరి మీదుగా చెన్నేకొత్తపల్లి వైపు. దారిలో తిమ్మమ్మ మర్రిమాను చూస్తాం, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కిన చెట్టు, దాదాపు ఐదు ఎకరాలు ఒకే మాను. ఊడ దిగిన చోట వెదురు గొట్టం పెట్టి, మట్టి పోసి నేలకు తగిలేలా చేసి దాన్ని ఎలా పెంచుతున్నారో మన తోటల వాళ్లు చూడాలి. అసలు పోతున్నది మాత్రం కల్పవల్లి చూడడానికి. టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో ముప్పై రెండు ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. తరువాత పక్క ఊర్ల జనంతో కలిసి ఏడు వేల ఎకరాలకు పైగా బోడి కొండలను కాపాడుకున్నారు. మనకంటే తక్కువ వాన పడే చోటు. ఎక్కువగా నాటింది లేదు, మంట పడకుండా, నరకకుండా చూసుకున్నారు. ఈత చెట్లు తమంతట తామే వచ్చాయి, ఇప్పుడు ఈతాకుతో చాపలు, బుట్టలు అల్లుకుంటున్నారు. మేత కూడా అక్కడే, కట్టుబాటుతో. ఆ కొండల మీదికి గాలిమరలు వచ్చి, రోడ్ల కోసం వాలులు తవ్వితే ఏమైందో, దాని మీద ఎలా కొట్లాడారో అది కూడా అడగాలి. మహారాష్ట్రలో హివరే బజార్‌కు ఇలాగే దేశం నలుమూలల నుంచి రైతులు పోతుంటారు, ఊరంతా కలిసి ఏటా నీళ్ల లెక్క వేసుకుని పంట నిర్ణయించుకునే ఊరు అది. అంత దూరం తరువాత చూద్దాం. ముందు మన సీమలో ఉన్నది చూసి రావాలి.

పద్నాలుగు సీట్లలో పన్నెండు నిండాయి. ఆవలి ఊరి నుంచి ఇద్దరు గొర్రెల కాపర్లను అడిగాం, ఒకాయన సరే అన్నాడు, ఇంకొకాయన తన మంద ఎవరు కాస్తారని అడుగుతున్నాడు. మా తమ్ముడు ఈసారి కుదరదని ముందే చెప్పేశాడు. మామ మాత్రం చీటీ ఇప్పుడే రాయించి పెట్టుకున్నాడు: "మంట ఎవరు పెట్టినారో తెలిస్తే అక్కడ ఏం చేస్తారు?" అని.